గుర్రం మీద చేయి వేసేదెవరు?

బ్రిటన్‌లో మనుషులకు చికిత్స చేసేవారు ఫిజియోథెరపిస్టునని చెప్పుకోవాలంటే హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఉండి తీరాలి. ఆస్టియోపాత్‌నని చెప్పుకోవాలన్నా 1993 నాటి ఆస్టియోపాత్స్ చట్టం కింద నమోదు కావాలి. అవేవీ లేకుండా బోర్డు తగిలిస్తే నేరం. అదే దేశంలో ‘వెటర్నరీ ఫిజియోథెరపిస్టు’ అన్న పేరుకు మాత్రం చట్టం కాపలా లేదు. ఏళ్ల తరబడి చదివి, గుర్రాల మధ్య శిక్షణ పొంది వచ్చినవారూ, రెండు మూడు వారాంతాలు ఏదో తరగతికి వెళ్లొచ్చినవారూ ఒకే పేరుతో గుర్రపుసాల ముందు నిలబడవచ్చు. కార్డు చూసి ఎవరు ఎవరో పోల్చుకోవడం యజమాని వల్ల కాదు. గుర్రాల పెంపకంలో, పందేల్లో శతాబ్దాల అనుభవం ఉన్న దేశం సంగతి ఇది.

అయినా అక్కడ ఇంకో గొళ్లెం ఉంది. 1966 నాటి వెటర్నరీ సర్జన్స్ చట్టం ప్రకారం జంతువుకు ఏం జబ్బో తేల్చే హక్కు రిజిస్టరైన పశువైద్యుడిదే. 2015లో వచ్చిన మినహాయింపుల ఉత్తర్వు ఫిజియోథెరపీకి దారి ఇచ్చింది, అదీ షరతు మీద. ముందు పశువైద్యుడు ఆ జంతువును చూసి ఉండాలి, ఆయన చెప్పిన మీదటే ఫిజియోథెరపిస్టు పని మొదలుపెట్టాలి. ఆస్టియోపతీ, కైరోప్రాక్టిక్ లాంటి చేతి చికిత్సలు కూడా ఈ షరతు కిందికే వస్తాయని అక్కడ అర్థం చెప్పుకుంటారు. జబ్బేమీ లేని గుర్రానికి ఒళ్లు పట్టే పనికి వెసులుబాటు ఉంది, కుంటుతున్న గుర్రానికి లేదు. పేరుకు కాపలా లేకపోయినా పనికి ఉంది.

మన చట్టం తీరు వేరు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్, రిజిస్టరైన పశువైద్యులు తప్ప మరొకరు పశువైద్యం చేయరాదంటుంది. తగిన డిప్లొమానో సర్టిఫికెటో ఉన్న సహాయకులు, రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే, డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయవచ్చని మినహాయింపు ఇస్తుంది. జంతువుల ఫిజియోథెరపిస్టు అనే మనిషి ఆ చట్టానికి తెలియదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టానికి ఫిజియోథెరపిస్టు తెలుసు, అయితే అది మనుషుల వైద్యం కోసం చేసింది. గుర్రానికి కీళ్లు సాగదీయడం, వెన్ను నొక్కడం పశువైద్యం కిందికి వస్తాయా రావా అని అడిగితే ఎవరి జవాబు వారికుంది. ఆ సందులోంచి ఎవరైనా సాలలోకి నడిచి రావచ్చు.

మలక్‌పేట రేసుకోర్సు గుర్రాల గురించి మాకు అంత దిగులు లేదు. హైదరాబాద్ నగర పోలీసు గుర్రాల గురించీ, ఐపీఎస్ ప్రొబేషనర్లు స్వారీ నేర్చుకునే జాతీయ పోలీసు అకాడమీ గుర్రాల గురించీ అంతకన్నా లేదు. అలాంటి చోట్ల వైద్యులుంటారు, రికార్డులుంటాయి, తప్పు జరిగితే జవాబు చెప్పవలసిన అధికారి ఉంటాడు. దిగులల్లా గండిపేట, మొయినాబాద్, శామీర్‌పేట దారుల్లో వెలిసిన స్వారీ క్లబ్బుల గుర్రాల గురించి, ఫామ్‌హౌసులో ఒకటో రెండో గుర్రాలను ముచ్చటపడి కట్టేసుకున్నవారి గురించి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. గుర్రపు స్వారీలో దేశానికి 41 ఏళ్ల తర్వాత దక్కిన బంగారం అది. పిల్లలను స్వారీకి పంపాలన్న సరదా ఉన్నవారికి అలాంటి వార్త ఊపునిస్తుంది, మంచిదే. అయితే స్వారీ బడుల్లో పిల్లలు ఎక్కే గుర్రాలు చాలావరకు పందేల నుంచి తప్పుకున్నవి. రెండేళ్ల వయసుకే గట్టి పరుగు మొదలుపెట్టినవి. పాత దెబ్బలు ఒంట్లో దాచుకుని చేతులు మారుతాయి, వాటి వైద్యం కాగితాలు మాత్రం వెంట రావు.

అలాంటి గుర్రం ఒకనాడు జీను వేయబోతే చెవులు వెనక్కి వాల్చి కరవబోతుంది. ఎడమ వైపు మలుపు తిరగనంటుంది. సైసు వీపు తడిమి ‘నడుం పట్టేసింది సార్’ అంటాడు. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక నంబరు పెడతారు. వచ్చినాయన వెన్ను మీద వేళ్లు నడిపించి, రెండు నిమిషాల్లో కటి ఎముక పక్కకు జరిగిందని తేల్చి, గంటసేపు ఏదో చేసి వెళ్తాడు. మర్నాడు గుర్రం కాస్త హుషారుగా కనిపిస్తుంది. కండరాలు సడలితే ఏ ప్రాణికైనా హాయిగానే ఉంటుంది మరి. ఆ హాయి చూసి యజమాని డాక్టరును పిలిచే ఆలోచన పక్కన పెడతాడు. లోపలున్న జబ్బుకు అలా నాలుగైదు వారాల గడువు దొరుకుతుంది.

చేతి వైద్యాన్ని చులకన చేసే ఉద్దేశం మాకు లేదు. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. విరిగిన ఎముకను చేత్తో తడిమి సరిచేసేవారి మీద మన నేలలో ఉన్న గౌరవం తరాల నాటిది. మనుమంచిభట్టు ‘హయలక్షణ విలాసం’ లాంటి గ్రంథం ఉన్న భాష మనది, అశ్వశాస్త్రం మనకు కొత్త కాదు. కానీ కట్టు కట్టించుకోవడానికి వెళ్లిన మనిషి ‘ఇక్కడ నొప్పి, పడిపోయాక మొదలైంది, రాత్రి నిద్ర లేదు’ అని చెప్పగలడు, కాలు కదపకుండా మంచం మీద పడుకోగలడు. సుమారు 500 కిలోల గుర్రం ఈ రెండూ చేయలేదు. కాలు విరిగినా నిలబడే ఉంటుంది. పైగా గుర్రం వేటాడబడే జంతువు. నొప్పిని బయటపెడితే ప్రాణం పోతుందని దాని పుట్టుకే దానికి నేర్పింది. చాలా నొప్పి ఉన్నా మేత మేస్తూ కనిపించే గుర్రాలుంటాయి.

‘నడుం పట్టేసింది’ అన్న మాట వెనుక ఏమేముండవచ్చో యజమానులు తెలుసుకుని తీరాలి.

మొదటిది గిట్ట జబ్బు, ల్యామినైటిస్. గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచిపోతాయి. గుర్రం ముందుకాళ్లు ముందుకు చాచి, బరువు వెనక్కి వేసి నిలబడుతుంది, అడుగు తీయమంటే తీయదు. తెలియనివారికి భుజాలు, వీపు బిగుసుకున్నట్టే ఉంటుంది, నిజంగా బిగుసుకుంటాయి కూడా, ఎందుకంటే గిట్టల నొప్పి తప్పించుకోవడానికి ఆ కండరాలన్నీ పనిచేస్తున్నాయి. ఇది గంటలతో లెక్కపెట్టవలసిన జబ్బు. ఆలస్యమైతే లోపలి ఎముక పట్టు తప్పి తిరిగిపోతుంది, మరీ ముదిరితే అరికాలి గుండా బయటికి పొడుచుకొస్తుంది. ఈ దశలో భుజాలు మర్దన చేసి ‘పొద్దున సాయంత్రం కాస్త నడిపించండి, వదులవుతుంది’ అని చెప్పి వెళ్లే మనిషి ఆ పొరలను అడుగడుగునా చింపించినట్టే.

రెండోది పని చేసొచ్చిన గుర్రం కండరాలు కొయ్యబారిపోవడం. గుర్రాలవారు టైయింగ్ అప్ అంటారు. ఒకటి రెండు రోజులు సాలలో కట్టేసి, దాణా తగ్గించకుండా పెట్టి, మళ్లీ ఒక్కసారిగా పరుగెత్తించిన గుర్రాలకు ఇది తరచు వస్తుంది. వెనుక తొడలు, నడుము రాయిలా గట్టిపడతాయి, చెమటలు పోస్తాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. ఆ రంగు చితికిపోయిన కండరానిది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నడిపించడం, గట్టిగా పిసకడం రెండూ హాని. కావలసింది సెలైను, నొప్పి మందు, రక్తపరీక్ష. ఆ మూడూ డాక్టరు చేతిలోవే.

మూడోది మాకు అన్నిటికన్నా భయం కలిగించేది. పందెం గుర్రాల్లో కటి ఎముక సన్నగా చిట్లుతుంది. పైకి గాయం ఉండదు, వాపు ఉండదు. తుంటి భాగం కాస్త సన్నబడుతుంది, ఒక వెనుక కాలు కొంచెం తక్కువగా పడుతుంది. మామూలు ఎక్స్‌రేకు కూడా సులువుగా దొరకదు. సరిగ్గా ఇలాంటి గుర్రాన్నే చూసి ‘కటి ఎముక పక్కకు జరిగింది’ అంటారు. విశ్రాంతి ఇస్తే అతుక్కునే చిట్లును లాగి, మెలిపెట్టి, మర్నాడే పనికి పంపితే పూర్తిగా విరిగిపోవచ్చు. విరిగిన ముక్క దాని పక్కనుంచి పోయే పెద్ద రక్తనాళాన్ని కోస్తే గుర్రం లోపలే రక్తం కారిపోయి చచ్చిపోతుంది.

వాబ్లర్ అని ఇంకోటుంది. వేగంగా ఎదిగే లేత థరోబ్రెడ్లలో మెడపూసల మధ్య సందు ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. వెనుక కాళ్లు తూలుతాయి, మలుపులో కాలు కాలికి తగులుతుంది. యజమాని కంటికి అది ‘వెనుక భాగం బలహీనంగా ఉంది’ అన్నట్టు ఉంటుంది. ఇలాంటి గుర్రం మెడను పట్టుకుని ఝటుక్కున తిప్పడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అది మీద పడితే మనిషి కూడా మిగలడు. ఇక కడుపునొప్పి, గిట్టలో చీము, జీర్ణాశయంలో పుండ్లు, పుచ్చిన పన్ను, సరిపడని జీను, తప్పుగా కొట్టిన లాడం, ఇవన్నీ వీపు నొప్పి వేషంలో వచ్చేవే. ఉన్నట్టుండి కాలు నేల మోపలేని గుర్రానికి చాలాసార్లు కారణం గిట్టలో చేరిన చీము. పశువైద్యుడు కత్తితో చిన్న రంధ్రం చేసి దాన్ని బయటికి పంపితే ఉపశమనం వెంటనే కనిపిస్తుంది. అక్కడ మర్దనకు పనే లేదు.

జరిగిన ఎముకను చోటికి తెచ్చానని చెప్పే మాట గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. గుర్రానికి మెడలో 7, వీపులో 18, నడుములో 6 పూసలుంటాయి. ఆపైన 5 పూసలు కలిసిపోయి త్రికాస్థి అవుతుంది. త్రికాస్థి కటితో కలిసే కీలు మందపాటి కండరాల అడుగున, ఉక్కులాంటి బంధాల పట్టులో ఉంటుంది, కదిలేది కొన్ని మిల్లీమీటర్లే. పైనుంచి అరచేతితో దాన్ని తాకడం కుదరదు. ఆ పట్టు నిజంగా తప్పిన గుర్రం తీవ్రంగా గాయపడినట్టు. దాన్ని తోసి సరిచేయరు. టక్కుమన్న చప్పుడు వినిపించింది కాబట్టి ఎముక చోట్లో పడిందనుకోవడం సరికాదు. మన వేళ్లు విరుచుకుంటే వచ్చే చప్పుడు లాంటిదే అది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో కొందరు గుర్రం కాలికి తాడు కట్టి గుంజుతారు, తోక పట్టి వేలాడతారు, చెక్క సుత్తితో వెన్ను మీద కొడతారు. చూడ్డానికి మాయాజాలంలా ఉంటుంది. బలం వాడిన మేర ఆ మనిషికి చదువు తక్కువని లెక్క వేసుకోవచ్చు.

యంత్రాలతో వచ్చేవారి సంగతి వేరే చెప్పాలి. అల్ట్రాసౌండ్ చికిత్స యంత్రం మోతాదు ఎక్కువైతే ఎముక పైపొర కాలుతుంది, పిల్ల గుర్రాల్లో ఎముక పెరిగే చోట దాన్ని వాడకూడదు. లేజరు కంట్లో పడితే గుర్రానికైనా మనిషికైనా చూపు పోవచ్చు. షాక్‌వేవ్ మరీ జాగ్రత్త అవసరమైనది, పశువైద్యుడి చేతిలో ఉండవలసినది. అది కొన్నాళ్లు నొప్పి తెలియకుండా చేస్తుంది. నొప్పి తెలియని గుర్రం గాయపడ్డ కాలిని దాచుకోదు, పూర్తి బరువు వేసి పరుగెత్తి విరగ్గొట్టుకుంటుంది. అందుకే అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య పోటీకి ముందు 5 రోజులు షాక్‌వేవ్‌ను నిషేధించింది. ఆ సమాఖ్య పోటీల్లో థెరపిస్టులు కూడా ముందుగా పేరు నమోదు చేసుకుంటేనే గుర్రాన్ని తాకాలి. సూదులు, ఇంజెక్షన్లు వారి పరిధిలోకి రావు. మన క్లబ్బుల్లో ‘కాస్త మత్తు ఇస్తేగానీ నిలబడదు’ అని తెచ్చిన ఇంజెక్షను తానే పొడిచే మనిషి కనిపిస్తే ఆ క్షణమే బయటికి పంపేయాలి. మత్తులో ఉన్న గుర్రానికి ‘ఇక చాలు’ అని చెప్పే ఒక్క దారీ మూసుకుపోతుంది.

ఇంత చెప్పాక, మంచి ఫిజియోథెరపిస్టు గుర్రానికి ఎంత మేలు చేయగలడో చెప్పకపోతే అన్యాయమవుతుంది. పందెం గుర్రాల్లో ముందుకాలి వెనుక టెండన్ దెబ్బతినడం మామూలు. అది అతుక్కోవడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. డాక్టరు స్కానింగ్ చేసి, మందిచ్చి, ‘విశ్రాంతి ఇవ్వండి’ అని రాసి వెళ్తారు. ఆ ఏడాదిలో ఏ వారం ఎన్ని నిమిషాలు నడిపించాలి, ఎప్పుడు దుల్కీకి, అంటే చిన్న పరుగుకు, రావాలి, ఎలాంటి నేల మీద, మధ్యలో కాలు వేడెక్కితే ఎక్కడికి వెనక్కి వెళ్లాలి, ఇదంతా ఓపిగ్గా చూసేది చదువుకున్న ఫిజియోథెరపిస్టే. వీపు పూసల ముళ్లు ఒకదానికొకటి తగిలే జబ్బు, గుర్రాలవారు కిస్సింగ్ స్పైన్ అనేది, ముఖ్యంగా జీను కూర్చునే చోట వస్తుంది. డాక్టరు దానికి చికిత్స చేశాక వెన్నును పట్టి ఉంచే లోతు కండరాలను మళ్లీ పెంచకపోతే నొప్పి తిరిగొస్తుంది. క్యారట్ ముక్క చూపించి గుర్రం చేత తానే మెడ వంచించే వ్యాయామాలు ఆ కండరాలను పెంచుతాయని కొలిచి చూపిన అధ్యయనాలున్నాయి. అందులో చప్పుడూ లేదు, మాయా లేదు. రోజూ చేయాలి, నెలలు పడుతుంది.

ఆస్టియోపతీ విషయంలో ఆధారాలు ఇంత గట్టిగా లేవు. అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ మనుషుల కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. మిసోరీలోని కర్క్స్‌విల్‌లో 1892లో బడి పెట్టాడు. గుర్రాల దగ్గరికి తెచ్చినవారిలో ఫ్రాన్సు పశువైద్యుడు డొమినిక్ జీనియో పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఆయన ముందు డాక్టరు, తర్వాతే ఆస్టియోపాత్ అన్నది గుర్తుంచుకోవలసిన విషయం. కీళ్లను మృదువుగా కదిలించడం వల్ల కొంత మేలుందని చెప్పే చిన్న అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. పుర్రె ఎముకల లయ పట్టుకుంటాం, పేగులను సర్దుతాం అనే శాఖలకు నమ్మదగ్గ రుజువు లేదు. అయినా ఫ్రాన్సు ఆస్టియోపాత్‌లను తరిమేయలేదు. 2017లో డిక్రీ తెచ్చి, పశువైద్యులు కానివారు జంతువులకు ఆస్టియోపతీ చేయాలంటే పశువైద్య మండలి పెట్టే పరీక్ష నెగ్గి ఆ మండలి జాబితాలో చేరాలంది. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, చేయి వేసే మనిషికి ఎక్కడ ఆగాలో తెలియాలని పట్టుబట్టింది. మా మటుకు అదే సరైన దారి అనిపిస్తోంది. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఒక మాట. అక్కడ ఆస్టియోపతీ డిగ్రీ డీఓ ఉన్నవారు పూర్తి స్థాయి వైద్యులు. ఐరోపాలో ఆస్టియోపాత్ డాక్టరు కాడు. ఆ గౌరవాన్ని ఇక్కడికి మోసుకొచ్చి గుర్రం దగ్గరికి వచ్చిన మనిషికి తొడగకండి.

అర్హత అంటే ఏమిటి? మన దేశంలో ఫిజియోథెరపీ డిగ్రీ నాలుగేళ్లకు పైబడిన చదువు, మంచి చదువు. అందులో గుర్రం ఉండదు. మనిషి మోకాలికి సరిపడే జ్ఞానం గుర్రం మోకాలికి సరిపోదు, అసలు గుర్రం ముందుకాలిలో మనం మోకాలనుకునేది మన మణికట్టుకు సరితూగే కీలు. బ్రిటన్‌లో ఆక్‌పాట్ అనే సంఘం సభ్యులు ముందు మనుషుల ఫిజియోథెరపిస్టులుగా అర్హత పొంది, ఆపై జంతువుల కోసం వేరే చదువు చదివినవారు. ర్యాంప్ అనే రిజిస్టరు ఫిజియోథెరపిస్టులనూ ఆస్టియోపాత్‌లనూ కైరోప్రాక్టర్లనూ ఒకే కొలతతో పరీక్షించి చేర్చుకుంటుంది. అందులో చేరడం స్వచ్ఛందమే, అయినా పేరు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. విదేశీ సర్టిఫికెట్ చూపించే మనిషి వస్తే ఆ సంస్థ పేరు, రిజిస్టరు నంబరు అడిగి ఇంట్లో కూర్చునే సరిచూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి సంపాదించిన కాగితమైతే ఎన్ని గంటలు గుర్రాల మీద చేత్తో పనిచేశారు, ఎవరి పర్యవేక్షణలో అని అడగాలి. మన దగ్గర మెరుగైన దారి, పునరావాస చికిత్స నేర్చుకున్న పశువైద్యుడు దొరికితే ఆయనే.

కాగితాలకన్నా మొదటి పావుగంట ఎక్కువ చెబుతుంది. తెలిసినవాడు గుర్రాన్ని ముట్టుకోకముందే డాక్టరు ఎవరు, ఏం తేల్చారు, ఏ మందులు నడుస్తున్నాయి అని అడుగుతాడు. వీలైతే డాక్టరుకే ఫోను చేస్తాడు. గట్టి నేల మీద నడిపించి, దుల్కీ చేయించి, రెండు వైపులా తిప్పించి చూస్తాడు. జీను తెప్పించి బోర్లా తిప్పి చూస్తాడు. లాడాలు చూస్తాడు. అప్పుడు చేయి వేస్తాడు. పని అయ్యాక ఏం చేశాడో రాసిస్తాడు, ఎన్ని విడతలో, ఏ మార్పు కనిపించకపోతే మానేయాలో చెబుతాడు. ‘ఈ గుర్రాన్ని ఇవాళ నేను ముట్టుకోను, ముందు డాక్టరుకు చూపించండి’ అని ఫీజు వదులుకుని వెళ్లిపోయిన మనిషి దొరికితే నంబరు దాచుకోండి. దీనికి తలకిందులుగా, తాకీతాకగానే జబ్బు పేరు చెప్పేవాడు, డాక్టరుకు చెప్పొద్దనేవాడు, నడుస్తున్న మందు ఆపేయమనేవాడు, నెలనెలా వచ్చి సర్దకపోతే మళ్లీ జరుగుతుందని భయపెట్టి ప్యాకేజీ అమ్మేవాడు ఉంటారు. ఒక సాలలో గుర్రాన్ని తాకిన చేతులతోనే ఇంకో సాలకు వెళ్లేవాడిని కూడా ఆ జాబితాలోనే చేర్చండి. గొంతు గడ్డల జబ్బు స్ట్రాంగిల్స్ చేతుల మీదుగా, బకెట్ల మీదుగా పాకుతుంది. మనిషికీ అంటుకునే గ్లాండర్స్ మన దేశంలో ఉంది, 2009 నాటి అంటువ్యాధుల చట్టం కింద ప్రభుత్వానికి తెలియజేసి తీరవలసిన జబ్బు అది.

పశువైద్యులు ఈ సంపాదకీయం చదివి సంతృప్తిపడితే మాత్రం పొరబాటే. యజమానులు అర్హత లేని చేతుల వైపు పోవడానికి వారి వంతు కారణం ఉంది. గుర్రాల వైద్యం తెలిసిన డాక్టర్లు తక్కువ, ఉన్నవారు రేసుకోర్సు చుట్టూనే ఉంటారు. శామీర్‌పేట అవతల ఫామ్‌లో ఒక గుర్రం కోసం రావడానికి వారికి తీరదు. వచ్చినా, నొప్పి సూది వేసి ‘పదిహేను రోజులు పని చెప్పకండి’ అంటే పదహారో రోజు ఏం చేయాలో యజమానికి తెలియదు. ఆ ఖాళీలోకే మరొకరు వస్తారు. ఫిజియోథెరపీ అంటేనే వెక్కిరించే డాక్టరు తన రోగిని తానే నాటువైద్యుడి దగ్గరికి తోలుతున్నాడు.

ఇదంతా గుర్రం మీద లక్షలు పెట్టగలవారి బాధ అని కొట్టిపారేసేవారుంటారు. కొంతవరకు నిజం. బారాత్‌లో బ్యాండు మోత మధ్య తారు రోడ్డు మీద గంటల తరబడి నిలబడే గుర్రానికీ, విశాఖ బీచిలో పిల్లలను మోసే గుర్రానికీ, పాడేరు మన్యంలో బస్తాలు మోసే గుర్రానికీ ఏ ఫిజియోథెరపిస్టూ రాడు. వాటికి కావలసినవి నీళ్లు, నీడ, సరైన లాడం, పుండ్లు పడని గాదీ, దగ్గర్లో పనిచేసే ప్రభుత్వ పశువుల ఆసుపత్రి. కానీ ఆ యజమానుల దగ్గరా ఒక చేతి వైద్యం ఉంది. కుంటే కాలికి కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం. దాని వల్ల టెండన్ బాగుపడదని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది, కాలిన గాయం మాత్రం మిగులుతుంది. ఏసీ కారులో వచ్చి వెన్ను విరిచే మనిషికీ, కొలిమి పక్కన ఇనుము కాల్చే మనిషికీ తేడా ఫీజులోనే.

భారత పశువైద్య మండలి చేయవలసింది పెద్ద పనేమీ కాదు. జంతువుల ఫిజియోథెరపీ, ఆస్టియోపతీ పశువైద్యుడి సిఫారసు మీదే జరగాలని స్పష్టంగా రాసి, అర్హత కొలతలు పెట్టి, జాబితా తెరవాలి. రాష్ట్ర మండళ్లు దాన్ని అమలు చేయాలి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తలచుకుంటే పశువైద్యులకూ, ఆసక్తి ఉన్న ఫిజియోథెరపిస్టులకూ కలిపి చదువు పెట్టగలవు. ఎద్దు, కుక్క, గుర్రం అన్నిటికీ పనికొస్తుంది.

చట్టం వచ్చేదాకా క్లబ్బులు ఆగనక్కర్లేదు. సాల తలుపు దగ్గర ఒక పుస్తకం పెట్టి, థెరపిస్టు లోపలికి వచ్చేముందు అందులో నాలుగు గడులు నింపించాలి: గుర్రం పేరు, చూసిన పశువైద్యుడి పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ, చూసిన తేదీ, తేల్చిన జబ్బు. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ రోజుకు థెరపిస్టును వెనక్కి పంపాలి, ప్రయాణ ఖర్చు క్లబ్బు భరించాలి.